కల్చరల్లీ రెస్పాన్సివ్ ఎడ్యుకేషన్‌లో మాస్టర్స్ చేస్తే మిడిల్ స్కూల్ టీచర్‌కి క్లాసులో పనికొస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ క్లాసులో పిల్లల ఇళ్లలో మాట్లాడే భాషలే మూడు నాలుగున్నాయి, మీరు పెరిగిన తీరు వేరు, వాళ్లు పెరుగుతున్న తీరు వేరు. కల్చరల్లీ రెస్పాన్సివ్ ఎడ్యుకేషన్‌లో, అంటే పిల్లల సంస్కృతిని ఆధారం చేసుకుని పాఠం చెప్పే పద్ధతిలో, మాస్టర్స్ చేస్తే పాఠం చెప్పడంలో ఏమైనా మారుతుందా, లేక గోడకి ఇంకో సర్టిఫికెట్ వేలాడదీయడమేనా?

నేను ఏడో తరగతికి లెక్కలు చెబుతాను. ఉద్యోగం మానకుండా, సాయంత్రం క్లాసులకు వెళ్లి మూడేళ్లలో ఈ మాస్టర్స్ పూర్తి చేశాను. మారుతుంది. అయితే మీ క్లాసు మీదే మీచేత పని చేయించే కోర్సయితేనే. చదివి వ్యాసాలు రాసే కోర్సయితే ఆ పుస్తకాలేవో ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు, ఫీజు మిగులుతుంది.

మొదటి సెమిస్టర్‌లో అమెరికన్ విద్యా పరిశోధకురాలు గ్లోరియా లాడ్సన్-బిల్లింగ్స్ 1995లో చెప్పిన మూడు సంగతులు చదివాం. పిల్లలకు చదువు నిజంగా రావాలి. తమ సంస్కృతిని వదులుకోకుండానే ఇంకో సంస్కృతిలో మెలగడం తెలియాలి. చుట్టూ ఉన్న అన్యాయాన్ని గుర్తుపట్టి ప్రశ్నించగలగాలి. చాలా బడుల్లో మధ్యది ఒక్కటే పట్టుకుని, దాన్ని కూడా పోస్టర్ల స్థాయికి దించేస్తారు. నేనూ తక్కువ తినలేదు. మొదటి అసైన్‌మెంట్‌లో లెక్కల్లోని పేర్లు తీసేసి మా పిల్లల ఇళ్లలో వినిపించే పేర్లు పెట్టి గర్వంగా ఇచ్చాను. పేరు మారింది గానీ రైలు అదే వేగంతో అదే స్టేషన్ దాటింది. ప్రొఫెసర్ పక్కన ఒకే ఒక్క ప్రశ్న రాశారు: "ఇందులో పిల్లలకు తెలిసి, మీకు తెలియనిది ఏముంది?"

ఆ ప్రశ్న చాలాకాలం వదల్లేదు.

నన్ను నిజంగా కుదిపింది రెండో సెమిస్టర్. సొంత క్లాసుని ఇరవై నిమిషాలు రికార్డు చేసి, ప్రతి మాటా కాగితం మీద పెట్టమన్నారు. నేను 31 ప్రశ్నలు అడిగాను. వాటిలో 28 ప్రశ్నలకు జవాబు నాకు ముందే తెలుసు. అదే వారం షర్లీ బ్రైస్ హీత్ పరిశోధన చదివాం, 1983లో వచ్చింది. అమెరికాలోని కరొలైనా ప్రాంతంలో ఒక నల్లజాతి శ్రామికుల వాడలో, పెద్దలు తమకు జవాబు తెలిసిన ప్రశ్నలు పిల్లల్ని దాదాపు అడగరని ఆమె గమనించారు. బడిలో టీచర్ "ఇది ఏ రంగు?" అని అడిగితే ఆ పిల్లలకు అయోమయం. కనిపిస్తూనే ఉంది కదా, ఈవిడ ఎందుకు అడుగుతోంది? ఆ పిల్లలు మౌనంగా ఉంటే, వాళ్లకు జవాబు రాదని టీచర్లు అనుకున్నారు. నా క్లాసులో చివరి బెంచీలో ఏడాదిగా నోరు విప్పని ఒక అబ్బాయిని నేనూ అలాగే అనుకున్నాను.

ప్రశ్నలు మార్చాను. "జవాబెంత?" మానేసి "ఇందులో ఎక్కడ పొరపాటు పడొచ్చు?" అని అడగడం మొదలుపెట్టాను. అద్భుతాలేమీ జరగలేదు. రెండు వారాలు క్లాసంతా నిశ్శబ్దం, నాకు టెన్షన్, సిలబస్ వెనకబడింది.

తర్వాతి అసైన్‌మెంట్ పిల్లల ఇళ్లకు వెళ్లడం. 1990ల మొదట్లో విద్యా పరిశోధకుడు లూయీ మోల్ బృందం ఆరిజోనాలోని టూసాన్‌లో చేయించిన పనే దీనికి మూలం. టీచర్లు ఫిర్యాదు చేయడానికి కాదు, నేర్చుకోవడానికి పిల్లల ఇళ్లకు వెళ్లారు. ఆరో తరగతి పిల్లాడొకడు మెక్సికో నుంచి తెచ్చిన మిఠాయి అమ్ముతాడని తెలిసి, వాళ్ల టీచర్ మిఠాయి తయారీ మీదే ఒక పాఠం నడిపింది. నాకు ఆరు సెక్షన్లు, నూట యాభై మంది పిల్లలు. అందరి ఇళ్లకూ వెళ్లడం అయ్యే పని కాదు, అందుకని మూడిళ్లు ఎంచుకున్నాను. చివరి బెంచీ అబ్బాయి ఇల్లు అందులో ఒకటి. అమ్మానాన్నలకు ఇక్కడి భాష రాదు. బిల్లులు, ఆఫీసు ఉత్తరాలు అన్నీ చదివి చెప్పేది వాడే. ఇంటికి ఏ ఫోన్ ప్లాన్ లాభమో లెక్కగట్టి తేల్చింది కూడా వాడే. నేనేమో వాడికి శాతాలు రావని రిపోర్టు కార్డులో రాశాను.

మర్నాడు ఉత్సాహం ఆపుకోలేక "క్లాసులో అందరికీ చెబుతావా?" అని అడిగాను. వద్దన్నాడు. పన్నెండేళ్ల వయసులో ఎవరికీ తమ ఇల్లు బోర్డు మీదికి ఎక్కడం ఇష్టం ఉండదు. మా కోర్సులో ఉదాహరణలు చాలావరకు చిన్నపిల్లలవి, ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. వాడి ఊసెత్తకుండా ఫోన్ ప్లాన్ల లెక్క ఒకటి నేనే తయారుచేసి క్లాసంతటికీ ఇచ్చాను. పీరియడ్ అయ్యాక వచ్చి, "కనెక్షన్ చార్జీ కలపలేదు, మీ జవాబు తప్పు" అన్నాడు. నిజమే, నాకు తట్టనే లేదు.

ఇక చేరే ముందు చూసుకోవాల్సినవి. కల్చరల్లీ అన్న మాట తర్వాత రెలెవెంట్ (లాడ్సన్-బిల్లింగ్స్ మాట), రెస్పాన్సివ్ (పరిశోధకురాలు జెనీవా గే మాట), 2012 నుంచి పరిశోధకుడు జాంగో పారిస్ అంటున్న సస్టెయినింగ్ (నిలబెట్టేది), ఇలా కోర్సు పేర్లు రకరకాలుగా ఉంటాయి. వీటి మధ్య తేడాలున్నాయి గానీ పేరు చూసి చేరకండి, సిలబస్ తెప్పించుకోండి. సొంత క్లాసులో పరిశోధన తప్పనిసరో కాదో చూడండి. లెక్కలో సైన్సో చెప్పేవాళ్లయితే ఆ సబ్జెక్టుకు విడిగా పేపర్ ఉందో లేదో అడగండి. నాకు లేదు, అన్నీ నేనే కుస్తీపట్టి మలుచుకున్నాను. పిల్లల మీద పరిశోధనకు ఎథిక్స్ కమిటీ, బడి, తల్లిదండ్రులు అందరూ ఒప్పుకోవాలి. నాకు దానికే రెండు నెలలు పట్టింది, సెమిస్టర్ మొదలవకముందే దరఖాస్తు పెట్టుకోండి. డబ్బో సమయమో సందేహమైతే ముందు నాలుగైదు పేపర్ల సర్టిఫికెట్ కోర్సులో చేరండి. ఆ క్రెడిట్లను తర్వాత మాస్టర్స్‌లో కలుపుకుంటారా అన్నది మాత్రం రాతపూర్వకంగా తీసుకోండి.