టెక్ సందేహాలు: కేకు మీద లాటరీ, డైస్ మీద అనుమానం

సెలవులకి చుట్టాలంతా ఒక ఇంట్లో చేరితే టీవీ ముందు మారియో పార్టీ మొదలవుతుంది, ఆ తర్వాత నాకు ఉత్తరాలు మొదలవుతాయి. ఈసారి వాటినే తీసుకున్నాను, ప్రింటర్ల ప్రశ్నలు వచ్చే వారం చూద్దాం. తెలియనివాళ్లకి ఒక మాట: మారియో పార్టీ అంటే నింటెండో కంపెనీ స్విచ్ లాంటి గేమ్ యంత్రాల మీద ఆడే వీడియో బోర్డు ఆట. నలుగురు డైస్ వేసి గడుల మీద నడుస్తారు, మధ్యమధ్యలో మినీగేమ్స్ అనే చిన్న పోటీల్లో కాయిన్లు గెలుస్తారు, వాటితో స్టార్లు కొంటారు, చివరికి ఎక్కువ స్టార్లున్నవాడే విజేత.

మా ఇంట్లో స్విచ్‌లో మారియో పార్టీ సూపర్‌స్టార్స్ ఆడుతున్నాం. పీచ్ బర్త్‌డే కేక్ బోర్డు అంటే మా ఏడేళ్ల పాపకి ప్రాణం. మినీగేమ్స్ దాదాపు అన్నీ నేనే గెలుస్తాను, చివరికి స్టార్లు మాత్రం పాపకో, కంప్యూటర్ ఆడే యోషీకో పోతున్నాయి. డైస్‌లో ఏదైనా మతలబు ఉందా? గేమ్ కావాలనే నన్ను ఓడిస్తోందా? (డాలస్ నుంచి ఒక తండ్రి)

మీ మీద గేమ్‌కి పగేమీ లేదండీ, మీరు ఎంచుకున్న బోర్డే అలాంటిది. ఈ కేకు 1998 నాటిది, అంటే నింటెండో 64 అనే పాత గేమ్ యంత్రం కోసం హడ్సన్ సాఫ్ట్ కంపెనీ తయారుచేసిన మొట్టమొదటి మారియో పార్టీలోది, 2021 అక్టోబరులో వచ్చిన సూపర్‌స్టార్స్‌లోకి కొత్త రంగులు వేసుకుని వచ్చింది. చాలా బోర్డుల్లో ఒకరు స్టార్ కొనగానే అది ఇంకో మూలకి ఎగిరిపోతుంది, ఇందులో మాత్రం కేకు పైనే ఉంటుంది, ఎటూ కదలదు. వినడానికి హాయిగా ఉంది కదా, గొడవంతా అక్కడికి వెళ్లే దారిలో ఉంది. దారి చీలే చోట గూంబా అనే పుట్టగొడుగు లాంటి పాత్ర నిలబడి, 10 కాయిన్లు తీసుకుని, ఒక విత్తనం తీయమంటాడు. పాత ఆటలో నాలుగు విత్తనాలు, వాటిలో మూడు తీస్తే స్టార్ వైపు, ఒకటి తీస్తే ఈ ఆటల్లో విలన్ అయిన బౌజర్ వైపు. బౌజర్ దగ్గరికి వెళ్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు, కాయిన్లు గుంజుకుని పంపిస్తాడు.

ఇప్పుడు మీ మినీగేమ్ గెలుపుల సంగతి చూద్దాం. నలుగురూ విడివిడిగా ఆడే మినీగేమ్ గెలిస్తే 10 కాయిన్లు, స్టార్ ఖరీదు 20. అంటే రెండు గెలుపులకి ఒక స్టార్ రావాలి. ఈ బోర్డులో లాటరీకి ఇంకో 10 పెట్టాలి, అది మూడో గెలుపు. నాలుగింట ఒకసారి ఆ 10 వృథా, కాబట్టి సగటున ఒక స్టార్ దాకా చేరడానికి లాటరీకే 13 కాయిన్ల పైచిలుకు అవుతుంది, స్టార్‌తో కలిపితే 33 దాటుతుంది, బౌజర్ గుంజుకున్నది నేను ఇందులో కలపనేలేదు. వరసగా రెండుసార్లు, అదీ రెండుసార్లూ నాలుగేసి విత్తనాలు ఉన్నప్పుడు, బౌజర్ తగిలే అవకాశం 16లో 1. అరుదే కానీ వారంలో నాలుగు రాత్రులు ఆడే ఇంట్లో జరగకుండా ఉండదు, జరిగిన రోజు మాత్రమే మీకు గుర్తుంటుంది.

డైస్ గురించి మీ అనుమానం చాలామందికి ఉంది. సూపర్‌స్టార్స్‌లో మామూలు డైస్ మీద 1 నుంచి 10 దాకా అంకెలుంటాయి. వరసగా మూడుసార్లు 3 లేదా అంతకన్నా తక్కువ పడటం అంటే వెయ్యికి 27 సార్లు జరిగే పని, అది పడినప్పుడు ‘ఇదేదో మోసం’ అనిపించడం సహజం. కానీ 20 టర్నుల ఆటలో నలుగురు కలిసి 80 సార్లు డైస్ కొడతారు, అన్నిసార్లు కొడితే ఆ నలుగురిలో ఎవరో ఒకరికి అలా మూడు చిన్న అంకెలు వరసగా పడటం దాదాపు నాలుగింట మూడు ఆటల్లో జరుగుతుంది. ఆ ఒకరు ఈసారి మీరు, అంతే. మీ పాపకి పడ్డప్పుడు మీరు లెక్కపెట్టి ఉండరు.

అసలు విషయం ఏంటంటే, ఈ ఆటని తయారుచేసినవాళ్లు మినీగేమ్స్ బాగా ఆడేవాడే ప్రతిసారీ గెలవకూడదని అనుకునే చేశారు. ఛాన్స్ టైమ్ గడి మీద పడితే ఎవరి దగ్గర్నుంచి ఎవరికి ఏం పోవాలో మూడు బ్లాకులు తేలుస్తాయి, మీ స్టార్లన్నీ పక్కవాడి ఒళ్లో పడొచ్చు. బూ అనే దెయ్యానికి 50 కాయిన్లు ఇస్తే స్టార్ దొంగిలించి తెస్తుంది. ఆఖర్న ఆట ముగిశాక ఉచితంగా పంచే బోనస్ స్టార్లు. అలాగని మొత్తం అదృష్టమే అనేయడం కూడా తప్పే. మన వైకుంఠపాళిలో ఆడేవాడు నిర్ణయించేది ఏమీ ఉండదు, పాము మింగితే దిగాల్సిందే. ఇందులో ఐటమ్ (అంటే దారిలో దొరికే, షాపులో కొనుక్కునే సాయపు వస్తువు) ఎప్పుడు వాడాలి, ఏ దారి పట్టాలి, కాయిన్లు స్టార్‌కి ఖర్చుపెట్టాలా బూ కోసం దాచాలా అన్నవి మీ చేతిలోనే ఉంటాయి. మీలాంటి మినీగేమ్ వీరులు ఎక్కువగా పొరపాటుపడేది అక్కడే, జేబు నిండా కాయిన్లతో తిరుగుతారు, ఐటమ్స్ మాత్రం కొనరు. కస్టమ్ డైస్ అనేది దొరికితే వదలకండి, కావలసిన అంకె మీరే ఎంచుకోవచ్చు. శాపం డైస్ దొరికితే ముందున్నవాడికి తగిలించండి, వాడికి 1 నుంచి 3 లోపే పడుతుంది. ఆ ముందున్నవాడు మీ పాప అయితే ఇంట్లో ఏమవుతుందో నాకు సంబంధం లేదు.

అదృష్టం పాలు తగ్గించే సెట్టింగ్ ఏదైనా ఉందా? మా హాస్టల్లో ప్రతి శనివారం పంచాయితీ అవుతోంది. (వరంగల్)

ఉంది. సూపర్‌స్టార్స్‌లో బోర్డు మొదలుపెట్టే ముందు నియమాల తెరలో బోనస్ స్టార్ల దగ్గర మూడు ఎంపికలుంటాయి: అన్ని రకాల్లోంచి ఏవో కొన్ని రావడం, పాత పద్ధతిలో మూడు తెలిసిన స్టార్లే ఇవ్వడం, అసలు ఇవ్వకపోవడం. చాలామంది కోపంతో మూడోది పెడతారు. నా ఓటు రెండోదానికి, ఎందుకంటే ఆ మూడింట్లో ఒకటి మినీగేమ్స్ బాగా ఆడినవాడికి, ఒకటి ఎక్కువ కాయిన్లు కూడబెట్టినవాడికి వస్తుంది, అంటే నైపుణ్యానికి కూడా ఎంతోకొంత దక్కుతుంది. బోనస్ పూర్తిగా తీసేస్తే వెనకబడ్డవాడు సగం ఆటలోనే ఫోన్ తీస్తాడు.

ఇంకా గట్టిగా కావాలంటే 2024 అక్టోబరులో వచ్చిన సూపర్ మారియో పార్టీ జంబోరీ తీసుకోండి. అందులో ప్రో రూల్స్ అని ఒక పద్ధతి ఉంది. ఇచ్చే బోనస్ స్టార్ ఒక్కటే, అదేంటో ఆట మొదట్లోనే చెప్పేస్తారు, షాపులో సరుకు పరిమితంగా ఉంటుంది, మినీగేమ్‌ని అందరూ ఓటేసి ఎంచుకుంటారు. డైస్ మాత్రం ఉంటుంది లెండి, అది కూడా తీసేస్తే చదరంగం కొనుక్కోవడమే మేలు. పంచాయితీ ఆగుతుందని హామీ ఇవ్వను, అప్పుడు గొడవ ఓటింగ్ మీదకి మళ్లుతుంది.

2018 నాటి సూపర్ మారియో పార్టీలో ఒక్కో క్యారెక్టర్‌కి ఒక్కో డైస్ ఉంది కదా. ఏది మంచిది? మా బావమరిది ఎప్పుడూ డాంకీ కాంగ్ అంటాడు. (విజయవాడ)

ఈ ప్రశ్న నాకు భలే నచ్చింది. ఆ గేమ్‌లో మామూలు డైస్ 1 నుంచి 6, సగటు 3.5. మారియోది 1, 3, 3, 3, 5, 6. కూడితే 21, సగటు అదే 3.5, కానీ సగంసార్లు 3 పడుతుందని ముందే తెలుసు, సరిగ్గా మూడు గడుల దూరంలో మంచి గడి ఉన్నప్పుడు ఇది బంగారం. లూయీజీది 1, 1, 1, 5, 6, 7. మొత్తం ఇదీ 21, సగటు ఇదీ 3.5, కాకపోతే స్వభావం పూర్తిగా వేరు, అయితే కాలు కదలదు, లేదంటే దూకుడు. వారియోది నాలుగు ముఖాల మీద 6, మిగతా రెండింటి మీద అడుగు పడదు, పైగా కాయిన్లు పోతాయి. సగటు తీస్తే 4, మామూలు దానికన్నా ఎక్కువే.

మీ బావమరిది డైస్ మీద మూడు సున్నాలు, రెండు 10లు, ఒక ముఖం మీద 5 కాయిన్లు. సగటు 3.3 దగ్గర, మామూలు డైస్ కన్నా తక్కువ. అయినా పదింటి దూరంలో స్టార్ ఉంటే అక్కడికి ఒక్క దెబ్బలో వెళ్లే అవకాశం మూడింట ఒకటి, మామూలు డైస్‌తో ఆ పని ఒక్క టర్నులో జరగదు. కాబట్టి ఆయన్ని మరీ తీసిపారేయకండి. ప్రతి టర్నులో మామూలుదా, క్యారెక్టర్‌దా అని ఎంచుకోవచ్చు కనుక ఎప్పుడూ ఒకటే వాడితే మాత్రం ఆయన తప్పే. నన్నడిగితే బౌజర్ డైస్: 1, 8, 9, 10, ఇంకో రెండు ముఖాల మీద 3 కాయిన్లు పోతాయి. సగటు 4.6 దాటుతుంది. కాయిన్లు పోయినప్పుడు ఏడవని గుండె ఉండాలి.

మా ఆరో తరగతి బాబు ఆడే ఈ గేమ్‌లో లాటరీలు, రౌలెట్ చక్రాలు కనిపిస్తున్నాయి. ఇది జూదం కిందకి వస్తుందా? డబ్బు కట్ అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. (హైదరాబాద్ నుంచి ఒక తల్లి)

మీ భయం అర్థమైంది. బోర్డు మీద కనిపించే కాయిన్లు ఆ ఆటలోవే, ఆట అయ్యాక వాటికి విలువ లేదు, మన రూపాయలతో వాటిని కొనే ఏర్పాటు కూడా సూపర్‌స్టార్స్‌లో లేదు. 2025లో పార్లమెంటు తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది డబ్బు కట్టి డబ్బు గెలుచుకునే ఆటల్ని. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలు మార్చి పట్టుకున్నదీ ఆ పందేలనే. కేకు బోర్డు ఆ కోవలోది కాదు. నిజానికి ఈ సిరీస్‌లో కేసినో వేషం వేసిన బోర్డు కూడా ఉంది, 2002లో నింటెండో వాళ్లదే గేమ్‌క్యూబ్ అనే యంత్రం మీద వచ్చిన నాలుగో మారియో పార్టీలో, గూంబాల పేరు మీద, మధ్యలో పెద్ద రౌలెట్‌తో. అందులోనూ పోయేది బొమ్మ కాయిన్లే.

మీరు జాగ్రత్త పడాల్సింది వేరే చోట. స్విచ్‌లో ఈషాప్ అనే దుకాణం ఉంటుంది, దానికి కార్డు జతచేసి ఉంటే పిల్లలు ఇంకో గేమ్ కొనేయడం కష్టమేమీ కాదు. కార్డు తీసేయండి. బాబుకి మీ ఖాతా కింద పిల్లల ఖాతా తెరిచి కొనుగోళ్లు ఆపేయండి, ఫోన్‌లో నింటెండో పేరెంటల్ కంట్రోల్స్ యాప్ వేసుకుంటే రోజుకి ఎంతసేపు ఆడాలో కూడా మీరే పెట్టొచ్చు. ‘ఇంకో టర్ను అమ్మా’ అనే మాటకి మాత్రం యాప్ లేదు, 30 టర్నుల ఆట మొదలుపెట్టే ముందే 10 పెట్టించండి.

టీవీలో ఆడితే బటన్ నొక్కిన కాసేపటికి బొమ్మ కదులుతోంది, చేతిలో పట్టుకుని ఆడితే బాగానే ఉంది. పైగా బ్లూటూత్ స్పీకర్ పెడితే మూడో జాయ్‌కాన్ (స్విచ్‌తో వచ్చే చిన్న కంట్రోలర్) కలవట్లేదు. స్విచ్ పాడైందా? (విశాఖపట్నం)

పాడవలేదు, రెండూ వేర్వేరు సంగతులు. మొదటిది టీవీది. సినిమాల కోసం బొమ్మని నున్నగా చేసే పనులన్నీ టీవీ పెట్టుకుంటుంది, వాటికి పట్టే సమయమే మీరు చూస్తున్న ఆలస్యం. పిక్చర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి గేమ్ మోడ్ పెట్టండి, హెచ్‌డీఎంఐ పోర్టుకి ఒకసారి పెడితే చాలా టీవీల్లో ఆ పోర్టుకి అలాగే ఉండిపోతుంది. ఇది మారియో పార్టీకి చిన్న విషయం కాదు, సరైన క్షణంలో నొక్కాల్సిన మినీగేమ్స్ ఎన్నో ఉన్నాయి. టీవీ ఆలస్యం చేస్తే బాగా ఆడేవాడి ఆధిక్యం పోయి మొత్తం డైస్ చేతికి వెళ్తుంది, అప్పుడు అందరూ డైస్‌నే తిడతారు.

రెండోది స్విచ్‌కి ఉన్న పరిమితే. 2021 సెప్టెంబరు అప్‌డేట్‌తో దీనికి బ్లూటూత్ ఆడియో వచ్చింది, కానీ అది వాడుతున్నంతసేపూ రెండు వైర్‌లెస్ కంట్రోలర్లనే ఒప్పుకుంటుంది. ఎడమ, కుడి జాయ్‌కాన్లు రెండు కంట్రోలర్ల కిందే లెక్క. నలుగురు ఆడాలంటే స్పీకర్‌ని వైరుతో టీవీకి తగిలించండి, లేదా టీవీ శబ్దంతోనే సర్దుకోండి. బ్లూటూత్‌లో శబ్దం కూడా కాస్త వెనకబడుతుంది, లయకి తగ్గట్టు నొక్కే మినీగేమ్స్‌లో అది ఇంకో తలనొప్పి.

స్విచ్ లైట్ మీద ఆడొచ్చా? (కర్నూలు)

సూపర్‌స్టార్స్, జంబోరీ ఒక్కరే ఆడుకోవడానికి ఇబ్బంది లేదు. లైట్ అంటే చేతిలో పట్టుకుని ఆడటానికే చేసిన చిన్న స్విచ్, దాన్ని టీవీకి తగిలించడం కుదరదు, కాబట్టి నలుగురు ఆ చిన్న తెర చుట్టూ మూగాలి, అదనపు కంట్రోలర్లు కొనాలి. 2018 నాటి సూపర్ మారియో పార్టీ చేతిలో పట్టుకుని ఆడే పద్ధతిని ఒప్పుకోదు, జాయ్‌కాన్లు విడిగా కొంటే తప్ప లైట్ మీద నడవదు. ఇక్కడ షాపుల్లో దొరికే స్విచ్‌లు ఎక్కువగా బయటినుంచి తెప్పించినవే, వారంటీ ఎవరిస్తారో బిల్లు మీద రాయించుకోండి.

తాడు లాగే మినీగేమ్‌లో కంట్రోలర్ మీది స్టిక్‌ని (వేలితో తిప్పే చిన్న పుల్ల) అరచేత్తో తిప్పి మా తమ్ముడు ఎప్పుడూ గెలుస్తున్నాడు. ఇది తప్పు కాదా? (ఎడిసన్, న్యూజెర్సీ)

తప్పో ఒప్పో తర్వాత, చెయ్యి కాలుతుంది. మొదటి మారియో పార్టీ వచ్చిన కొత్తలో పిల్లలు ఇలాగే తిప్పి అరచేతులు బొబ్బలెక్కించుకున్నారు, అమెరికాలో అది న్యూయార్క్ అటార్నీ జనరల్ దాకా వెళ్లి, 2000లో నింటెండో అడిగినవాళ్లకి చేతి తొడుగులు పంచాల్సి వచ్చింది. ఇప్పుడు సూపర్‌స్టార్స్‌లో అరచేత్తో తిప్పొద్దని తెర మీదే రాసి చూపిస్తారు. స్టిక్ కూడా త్వరగా అరుగుతుంది, అది అరిగాక మీ బొమ్మ తనంతట తానే ఎడమకి నడవడం మొదలుపెడుతుంది. బొటనవేలితో మాత్రమే తిప్పాలని ముందే నియమం పెట్టుకోండి, వినకపోతే ఆ జాయ్‌కాన్ ఖర్చు తమ్ముడిదే అని చెప్పండి.