పర్లాకిమిడి నుంచి తెలుగు నవలలు, పరిశోధన గ్రంథాలు ఉచితంగా చదవడం ఎలా?

పర్లాకిమిడిలో ఉంటూ నవలలు, చరిత్ర, భాషాశాస్త్ర గ్రంథాలు ఒకేచోట ఉచితంగా కావాలని అడిగారు. ముందు ఇంటర్నెట్ ఆర్కైవ్ చూడండి. 1996లో బ్రూస్టర్ కేల్ స్థాపించిన ఈ ఆన్‌లైన్ గ్రంథాలయంలో, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేయించిన పాత తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి.

చిక్కంతా వెతకడంలోనే. వాటిలో చాలా పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వారు నమోదు చేశారు. తెలుగు లిపిలో దొరకని పుస్తకం ఇంగ్లిషు లిపిలో దొరకవచ్చు. దీర్ఘానికి ఒక అక్షరంతో, రెండక్షరాలతో, ‘త’కు హెచ్‌తో, హెచ్ లేకుండా మార్చి మార్చి ప్రయత్నించండి. రచయిత ఇంటిపేరుతో కూడా వెతకండి. పుస్తకం తెరిచాక అక్కడ కనిపించే విషయాల పేర్ల మీద నొక్కితే, మనం అడగాలని తోచని గ్రంథాలు బయటపడతాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి అదే.

మీ ఊళ్లో ఉండి గిడుగు రామమూర్తిని వెతకకపోతే ఎలా? అక్కడే పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన మహానుభావుడాయన. 1940లో కన్నుమూశారు. మన దేశంలో రచయిత మరణించిన 60 ఏళ్ల తర్వాత పుస్తకాలపై హక్కులు తీరిపోతాయి కాబట్టి ఆయన రచనలను నిస్సంకోచంగా దించుకోవచ్చు. ఇప్పటి రచయితల నవలలు ఎవరో ఎక్కించినా సరే, దయచేసి కొనే చదవండి.

స్కాన్ పేజీలు ఫోనులో చదవడం కష్టమైతే తెలుగు వికీసోర్స్‌కు వెళ్లండి. అక్కడ చాలా పుస్తకాలు టైపు చేసి ఉంటాయి, లోపలి మాటలనూ తెలుగులోనే వెతకవచ్చు.