సీజన్‌లో చేతినిండా డబ్బు, ఆషాఢంలో అప్పు: బ్యాండు మేళానికి లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా నాన్న మొదలుపెట్టిన బ్యాండు మేళాన్ని ఇప్పుడు నేను నడుపుతున్నాను. అందరం ఒకే వాడ వాళ్లం, నాతో కలిపి 14 మందిమి. పెళ్లిళ్ల సీజన్‌లో తీరిక ఉండదు, ఆషాఢం వస్తే అప్పు చేయక తప్పదు. ఇప్పటికే 3 రూపాయల వడ్డీకి తెచ్చిన 65 వేలు నెత్తి మీద ఉన్నాయి. డీజేల పోటీ తట్టుకోవాలంటే సెకండ్‌హ్యాండ్ ట్రాలీ ఆటో కొని సౌండ్, లైట్లు పెట్టాలని మా తమ్ముడి పట్టుదల. దానికి 3,10,000 అవుతుంది. కొత్త వాయిద్యాలకు, యూనిఫాంలకు ఇంకో 1,40,000. తెలిసినాయన మొత్తం నాలుగున్నర లక్షలు 2 రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా? నిరుటి లెక్కల పుస్తకం ఫొటోలు పంపుతున్నాను.

జవాబు: మాస్టరు గారూ, ఆ అప్పు తీసుకోకండి. మీ పుస్తకం పేజీ పేజీ చూశాకే ఈ మాట అంటున్నాను. ఏ తేదీన ఏ ఊళ్లో వాయించారు, బయానా ఎంత, ఎవరికి ఎంత ఇచ్చారు, ఆఖరికి దారిలో తాగిన చాయ్ ఖర్చు కూడా రాసి పెట్టారు. ఇంత శుభ్రంగా లెక్క రాసే చిన్న వ్యాపారులు నాకు అరుదుగా కనిపిస్తారు. ఆ లెక్క ఏం చెబుతోందో చూద్దాం.

నిరుడు మీరు 52 ప్రోగ్రాములు చేశారు. సగటున ఒక్కోదానికి 22 వేలు. అందులో 14 మందికి 900 చొప్పున 12,600, బండి కిరాయి, డీజిల్, తిండి ఖర్చు 4,400 పోతే మిగిలేది 5 వేలు. ఏడాదికి 2,60,000. రిపేర్లకు, బట్టలకు 40 వేలు తీసేసి, మీ సొంత కూలి 46,800 కలిపితే మీ ఇంటికి చేరింది 2,66,800. అంటే నెలకు 22 వేల పైచిలుకు.

ఆ అప్పుకు నెల వడ్డీయే 9 వేలు. ఏడాదికి 1,08,000. ఐదేళ్లు కట్టినా 5,40,000 వడ్డీకే పోతుంది, అసలు నాలుగున్నర లక్షలు అలాగే ఉంటాయి. అదే మొత్తం బ్యాంకులో ఏడాదికి 12 శాతానికి దొరికితే నెల కిస్తీ సుమారు 10 వేలు, ఐదేళ్లలో అసలుతో సహా తీరిపోతుంది. నెలకు వెయ్యి తేడాతో ఒకటి తీరే అప్పు, ఇంకొకటి తీరని అప్పు.

అయితే బ్యాంకులో ఇస్తామన్నా నాలుగున్నర లక్షలు వద్దనే అంటాను. ఎందుకంటే నెలకు 22 వేలన్నది కాగితం మీది సగటు మాత్రమే. మీ 52 ప్రోగ్రాముల్లో 31 మాఘం నుంచి జ్యేష్ఠం లోపే ఉన్నాయి. శ్రావణంలో 8, గణేశ్ నిమజ్జనానికి, దసరాకు కలిపి 4, కార్తీక మార్గశిరాల్లో 9. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పెళ్లిళ్లు లేని శూన్య మాసాలు. కిస్తీ మాత్రం ఆషాఢంలోనూ అదే తేదీకి వస్తుంది.

పైగా అన్ని ఏళ్లూ నిరుటిలా ఉండవు. 2024లో ఏప్రిల్ చివర్లో మూఢం మొదలై మే, జూన్ నెలల్లో ముహూర్తాలే లేకుండా పోయాయి. సరిగ్గా మీ సీజన్ నడుమ. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. ఆ తర్వాత నిజ జ్యేష్ఠం వస్తుంది గాని, అప్పటికి బడులు తెరుస్తారు, వానలు మొదలవుతాయి, రైతు చేతిలో డబ్బు విత్తనాలకు పోతుంది. సీజన్‌లో 12 ప్రోగ్రాములు తగ్గాయనుకోండి, మీకు 70,800 తగ్గుతుంది. నెల సగటు 16 వేల చిల్లరకు పడుతుంది. అందులో 10 వేలు కిస్తీ కడితే ఇల్లు ఎలా గడుస్తుంది? అప్పు నిర్ణయం ఎప్పుడూ మంచి ఏడాదిని చూసి కాదు, ముహూర్తాలు లేని ఏడాదిని చూసి తీసుకోవాలి. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే పెళ్లివాళ్లకంటే ముందు మీరు ముహూర్తాలు లెక్కపెట్టుకోండి.

ట్రాలీ, సౌండ్ సంగతి. తమ్ముడి బాధ నాకు అర్థమవుతోంది. బారాత్‌లో డీజే మోగుతుంటే ట్రంపెట్ వినపడదు, వాయించేవాడికి అది అవమానంగానే ఉంటుంది. కానీ రాత్రి 10 దాటాక లౌడ్‌స్పీకర్లు మోగించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలే చెబుతున్నాయి. హైదరాబాద్‌లో 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను పోలీసులు నిషేధించారు. ఏ రాత్రి ఏ స్టేషన్లో పెడతారో తెలియని బండి మీద 3,10,000 అప్పు పెట్టడం నాకు భయంగా ఉంది. ఎదురుకోలుకూ అప్పగింతలకూ జనం అడిగేది మీ మేళాన్నే, మీ పుస్తకంలో మళ్లీ మళ్లీ కనిపించే ఇంటిపేర్లే దానికి సాక్ష్యం. బండి కిరాయికే నడవనివ్వండి.

ఇప్పుడు నన్ను ఎక్కువగా ఆపిన పేజీ గురించి. ఆషాఢంలో 13 మందికి తలా 5 వేలు అడ్వాన్స్ ఇచ్చారు. ఇవ్వకపోతే వేరే బ్యాండుకు పోతారని, ఇంట్లో బియ్యానికి కూడా ఉండదని రాశారు. ఆ 65 వేలే మీ 3 రూపాయల అప్పు. నెలకు 1,950 చొప్పున ఆషాఢం నుంచి మాఘం దాకా ఏడు నెలలకు 13,650 వడ్డీ మీ ఒక్కరి జేబు నుంచే పోయింది. మీ అసలు సమస్య ఇది. ట్రాలీ కొన్నా ఇది పోదు.

దీనికి మందు మీ చేతిలోనే ఉంది. అందరినీ కూర్చోబెట్టి ఒప్పించి, ప్రతి ప్రోగ్రాముకు ఒక్కొక్కరి కూలిలోంచి 100 రూపాయలు పక్కన పెట్టండి. 13 మంది, 52 ప్రోగ్రాములు: ఏడాదికి 67,600. మీరు వడ్డీకి తెస్తున్న డబ్బు కంటే ఎక్కువే. మొదటి ఏడాది ఆషాఢం నాటికి 31 ప్రోగ్రాముల డబ్బు, అంటే 40,300 మాత్రమే జమవుతుంది కాబట్టి తలా 3 వేలే ఇవ్వగలరు. అది ముందే చెప్పండి. రెండో ఏటి నుంచి 5 వేలకు ఢోకా ఉండదు. ఇది వాళ్ల డబ్బు, మీ దయ కాదు. అందుకే మీ సొంత ఖాతాలో వద్దు. ముగ్గురి పేర్ల మీద బ్యాంకు ఖాతా తెరిచి, పాస్‌బుక్ అందరికీ కనిపించేలా పెట్టండి. నమ్మకం కుదిరాక సొసైటీగా రిజిస్టర్ చేసుకోవచ్చు, ఏడుగురు సభ్యులుంటే చాలు. బారాత్‌లో పెళ్లికొడుకు తల చుట్టూ తిప్పి ఇచ్చే నోట్లు మాత్రం అక్కడికక్కడే పంచుకోండి. దాని జోలికి పోతే గొడవలొస్తాయి.

బయానా కూడా ఖాతాలోనే ఉండాలి. వాయించే రోజు వరకు అది మీ సంపాదన కాదు. పెళ్లి వాయిదా పడితే తిరిగివ్వాల్సి రావచ్చు. ఎంత తిరిగిస్తారో రసీదు మీదే రాయండి.

వాయిద్యాలు అవసరమే. కానీ ముందు పాత అప్పు తీరాలి. ఇచ్చిన అడ్వాన్స్‌ను ఈ సీజన్‌లో ఒక్కొక్కరి దగ్గర ప్రోగ్రాముకు 160 చొప్పున పట్టుకుంటే 31 ప్రోగ్రాముల్లో దాదాపు 65 వేలూ వస్తాయి. వచ్చింది వచ్చినట్టు అప్పాయనకు కట్టేయండి, చేతిలో ఉంచుకోకండి. ఆ తర్వాత చిన్న వ్యాపారాలకు కేంద్ర పథకం కింద బ్యాంకులు ఇచ్చే ముద్ర లోన్‌కు వెళ్లండి. 50 వేల నుంచి 5 లక్షల వరకు అందులో కిశోర్ అనే విభాగం కింద ఇస్తారు, తాకట్టు అక్కర్లేదు. దానికి ముందు చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ చేయించుకోండి, అది ఉచితం, ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. దుకాణం నుంచి కొటేషన్, మీ లెక్కల పుస్తకం పట్టుకెళ్లండి. 1,40,000కు 12 శాతం చొప్పున మూడేళ్లకు కిస్తీ 4,650 దాకా పడుతుంది. జ్యేష్ఠం ముగిసేలోపు నాలుగు కిస్తీల డబ్బు కిస్తీ కట్టే మీ ఖాతాలోనే వదిలేయండి. పాత యూఫోనియం (పెద్ద ఇత్తడి బాకా) పిస్టన్ పట్టేసిందని కొత్తది రాశారు. పారేసే ముందు ఒకసారి రిపేర్ చేసేవాళ్లకు చూపించండి. తడి ఆరకుండా పెట్టెలో పెట్టి వానాకాలమంతా వదిలేస్తే ఇత్తడికి చిలుము పడుతుంది, పిస్టన్ కదలదు. సీజన్ అయిపోగానే కడిగి, ఆరబెట్టి, నూనె వేసి పెడితే ఏళ్ల తరబడి వస్తాయి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. అర్ధరాత్రి బారాత్ ముగించుకొని 14 మంది ఒకే బండిలో హైవే మీద తిరిగొస్తారు. మీ పుస్తకంలో ఎక్కడా ఇన్సూరెన్స్ అన్న మాట లేదు. అది చూసి నాకు దిగులేసింది. ప్రధానమంత్రి సురక్ష బీమాకు ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్ల లోపు వాళ్లకు. ప్రమాదంలో పోతే 2 లక్షలు. జీవన జ్యోతి బీమాకు 436, 50 ఏళ్ల లోపు చేరాలి, ఏ కారణంతో పోయినా 2 లక్షలు. రెండూ కలిపి 456, ఒక మనిషి ఒక రోజు కూలిలో సగం. ఏటా జూన్ మొదట్లో రెన్యూవల్ కాబట్టి మే చివర ఖాతాలో ఆ డబ్బు ఉండేలా చూడండి. అప్పుడింకా సీజన్ డబ్బు చేతిలోనే ఉంటుంది. మీ దగ్గర సైడ్ డ్రమ్ వాయించే కుర్రాడికి 19 ఏళ్లన్నారు కదా, ముసలితనంలో నెలనెలా పెన్షన్ వచ్చే అటల్ పెన్షన్ పథకంలో చేర్చండి. ఆ వయసులో కిస్తీ చాలా తక్కువ.

తమ్ముడికి ఈ జవాబు చదివి వినిపించండి. మూడేళ్ల తర్వాత వాయిద్యాల లోన్ తీరి, ఆషాఢంలో బయట చేయి చాచకుండా రెండుసార్లు గడిచిందని పుస్తకం చూపిస్తే, ట్రాలీ గురించి అప్పుడు మళ్లీ రాయండి. ఆ లెక్క నేనే కూర్చుని వేసిస్తాను.