ఆ గోధుమరంగు జిగురును కడిగేయకు

చిరంజీవి మేనల్లుడికి,

పెరంబూరు నుంచి మీ అత్తయ్య ఆశీస్సులు.

నిన్న ఫోనులో నువ్వు చెప్పింది విన్నాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఎనిమిది గప్పీ చేపల్లో అయిదు పోయాయన్నావు. శనివారం తొట్టి మొత్తం ఖాళీ చేసి, అడుగున గులకరాళ్లు తీసి కడిగి, ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద తెల్లబడేదాకా పిండావట. మంగళవారానికి చేపలు పైకి తేలి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయట. అంత శుభ్రంగా ఉంచినా ఎందుకు చచ్చిపోయాయని అడిగావు. ఆ శుభ్రమే వాటి ప్రాణం తీసింది, నాయనా. నిన్ను తప్పు పట్టడం లేదు. కొళత్తూరు వెళ్లి మొదటిసారి చేపలు తెచ్చుకున్నప్పుడు నేనూ ఇదే చేశాను. బడిలో జీవశాస్త్రం చెబుతూ ఇంట్లో ఆ పని చేశాను, నా సిగ్గు ఇంకా ఎక్కువ.

స్పాంజి మీద నువ్వు మురికి అనుకుని వదిలించిన గోధుమరంగు జిగురే నీ తొట్టిలో అసలు కాపురం. చేప తన మొప్పల గుండా అమ్మోనియా అనే విషాన్ని వదులుతూనే ఉంటుంది. తినకుండా మిగిలిన మేతా కుళ్లి అదే అవుతుంది. జిగురులోని ఒక జాతి బాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో జాతి దాన్ని నైట్రేటు చేస్తుంది. నైట్రేటు అంత తొందరగా హాని చేయదు, వారం వారం నీళ్లు మారుస్తాం కనుక పోతుంది. వీటిని మొదట వేరు చేసి చూపించిన వాడు వినోగ్రాద్‌స్కీ అనే రష్యా శాస్త్రవేత్త, 1890 ప్రాంతంలో. మామూలు బాక్టీరియాకు పెట్టే పోషకాహారం వీటికి పనికిరాదని, అమ్మోనియా, నైట్రైటుల్లోంచే శక్తి తీసుకుంటాయని ఆయన కనిపెట్టాడు. (పాఠం చెప్పే అలవాటు పోలేదు, క్షమించు.)

వీటి ఇబ్బందల్లా నెమ్మదితనం. పాలను రాత్రికి రాత్రి పెరుగు చేసేవాటిలా పెరగవు. ఒకటి రెండు కావడానికే దాదాపు ఒక రోజు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. అందుకే కొత్త తొట్టి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీ అమ్మ పెరుగు గిన్నెను ఊడ్చి కడిగేముందు తోడుకు చెంచాడు తీసి పక్కన పెడుతుంది కదా. నువ్వు ఆ చెంచా కూడా మిగల్చలేదు.

నీళ్లలో యాంటీ క్లోరిన్ వేశానన్నావు, మంచిదే. మరి స్పాంజిని పిండిన కుళాయి నీళ్లలో వేయలేదు కదా? చెన్నై మెట్రో వాటర్ వాళ్లు ఇచ్చేవి పూండి జలాశయం నుంచి వచ్చిన కృష్ణ నీళ్లు కావచ్చు, నెమ్మేలిలో ఉప్పు తీసిన సముద్రపు నీళ్లు కావచ్చు, క్లోరిన్ మాత్రం కలిపే పంపుతారు. కలిపేదే బాక్టీరియాను చంపడానికి. మనకు రోగం తెచ్చేది ఏది, మన చేపను బతికించేది ఏది అని అది చూడదు. లారీ నీళ్లనూ నమ్మకు. బోరు నీళ్లలో ఆ భయం లేదు గానీ, మన వైపు బోరు నీళ్లు చాలావరకు గట్టివి, అంటే లవణాలు ఎక్కువున్నవి. గట్టిదనం బాక్టీరియాకు మేలే. అయితే అలాంటి నీళ్లలో పీహెచ్ (అంటే క్షారగుణం) కూడా ఎక్కువుంటే, అంతే అమ్మోనియా చేపకు ఇంకా ఎక్కువ విషమవుతుంది. ఎండాకాలంలో మరీనూ.

ఇకమీదట స్పాంజి ఎలా కడగాలో చెబుతాను. తేదీ చూసి కడగకు. ఫిల్టరు నుంచి వచ్చే నీటి ధార సన్నబడినప్పుడు కడుగు, నా తొట్టికి అది నెలకోసారి వస్తుంది. ముందు ప్లగ్గు తీసెయ్. ఎప్పుడూ సబ్బు తగలని బకెట్టు ఒకటి దీనికే ఉంచుకో. తొట్టిలోంచే పది లీటర్ల నీళ్లు గొట్టంతో అందులోకి దించు. స్పాంజిని ఆ నీళ్లలో ముంచి, మునిగి ఉండగానే మెల్లగా మూడు నాలుగు సార్లు నొక్కు. బకెట్టు డికాక్షన్ రంగుకు తిరుగుతుంది. అక్కడ ఆపెయ్! స్పాంజి ఇంకా గోధుమరంగులోనే ఉంటుంది, వేలితో తాకితే కాస్త జారుతుంది. అలాగే ఉండాలి. రంధ్రాల్లోంచి నీళ్లు పోతే చాలు. ఆరనివ్వకుండా వెంటనే లోపల పెట్టు. బకెట్టులో నీళ్లు పారబోయకు, నా కరివేపాకు మొక్క వాటి మీదే బతుకుతోంది.

ఫిల్టరులోని సిరామిక్ రింగులను అదే నీళ్లలో ఒకసారి ఆడించి తీసెయ్, ఏళ్ల తరబడి మార్చనక్కర్లేదు. తెల్లటి దూది పొర మాత్రం పారేయవచ్చు, అది చెత్త పట్టడానికే. నల్ల బొగ్గు నెలకల్లా పని మానేస్తుంది. మందు వేసినప్పుడు దాన్ని తీసేయాలి, లేకపోతే మందును అదే పీల్చేస్తుంది. స్పాంజి చిరిగి మార్చాల్సి వస్తే, కొత్తదాన్ని పాతదాని పక్కన నెల రోజులు ఉంచాకే పాతది తీయి. గులకరాళ్లు, స్పాంజి ఒకే రోజు ముట్టుకోకు, మధ్య రెండు వారాలైనా ఉండనీ.

ఇంకొకటి. 2016 డిసెంబరులో వర్దా తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో మూడు రోజులు కరెంటు లేదు. అప్పుడు నాది మూత బిగించే డబ్బా ఫిల్టరు. కరెంటు రాగానే సంబరంగా స్విచ్చి వేశాను. కుళ్లిన గుడ్ల వాసనతో నల్లటి నీళ్లు తొట్టిలోకి వచ్చాయి. ఈ బాక్టీరియాకు ప్రాణవాయువు కావాలి. మూసిన డబ్బాలో నిలిచిన నీళ్లలో కొన్ని గంటల్లోనే అది అయిపోతుంది, తర్వాత కుళ్లే రకాలు రాజ్యమేలుతాయి. తెల్లారేసరికి రెండు మోలీ చేపలే మిగిలాయి. అందుకే కరెంటు చాలాసేపు రాదనిపిస్తే స్పాంజిని బయటికి తీసి తొట్టి నీళ్లలోనే వదిలెయ్, బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టు. మళ్లీ వేసేముందు డబ్బాలో నిలిచిన నీళ్లు పారబోయాలి.

సీసాల్లో అమ్మే బాక్టీరియా కొననా అని అడిగావు. ఎండకు మగ్గిన కొట్లో ఎన్నాళ్ల నుంచి ఉందో తెలియని సీసాలో ప్రాణమున్నవి ఎన్ని మిగిలి ఉంటాయి? ఆ డబ్బుతో అమ్మోనియా, నైట్రైటు చూసే టెస్టు కిట్టు కొను. కుదురుకున్న తొట్టిలో రెండూ సున్నా చూపాలి.

మిగిలిన మూడు చేపలకు నేను వచ్చేదాకా రోజూ పావు వంతు నీళ్లు మార్చు, యాంటీ క్లోరిన్ వేసి. ఎయిర్ పంపు రాత్రీ పగలూ ఆడనీ. మేత రోజు విడిచి రోజు, రెండు నిమిషాల్లో తినేంతే వెయ్యి. ఆకలికి చావవు, భయపడకు. కొత్త చేపలు ఇప్పుడే తేవద్దు.

ఆదివారం నా తొట్టి స్పాంజి సగం కోసి, దాని నీళ్లతోనే డబ్బాలో పెట్టి తెస్తాను. నా చేపలకు రోగాలేమీ లేవు, ధైర్యంగా వాడవచ్చు. రాగానే నీ ఫిల్టరులో పెట్టేద్దాం. ఒకవేళ నువ్వు ఇంట్లో లేకపోతే మీ అమ్మతో ముందే చెప్పి ఉంచు. వదిన చేతికి నల్లగా జిగురుగా ఉన్నది ఏది ఇచ్చినా ముందు సబ్బు పెట్టి తోముతుంది.

మీ అత్తయ్య