కాలు మార్చి మార్చి కుంటుతున్న కుక్క: టిక్ ఫీవరా, కీళ్లవాతమా?

మీరు అడిగింది ఇదీ: ఆరేళ్ల ల్యాబ్, 25 కిలోలు. ఒకరోజు ముందుకాలు కుంటితే రెండ్రోజులకి వెనకకాలు. జ్వరం, ఒంటినిండా గోమార్లు. కిట్ టెస్టులో ఎర్లీషియా (గోమారి కాటుతో వచ్చే టిక్ ఫీవర్ క్రిమి) పాజిటివ్. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ ఏడు రోజులు వేస్తే లేచి తిరిగింది, ఆపేశారు. మూడు వారాలకి మళ్లీ మొదటికొచ్చింది. వయసు నొప్పులనుకుని నొప్పి మాత్ర వేయొచ్చా?

ఇప్పుడే వేయకండి. ఎర్లీషియాలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, నొప్పి మాత్రతో రక్తం కారే ముప్పు పెరుగుతుంది. పైగా రేపు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ అవసరమైతే నొప్పి మాత్ర, స్టెరాయిడ్ కలిసి కడుపులో పుండ్లు తెస్తాయి. మనుషుల ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ జోలికి అసలే పోవద్దు.

ముందు నడక చూడండి. కీళ్ల అరుగుదలైతే పడుకుని లేచినప్పుడు బిగుసుకుపోయి, నాలుగడుగులు వేశాక సర్దుకుంటుంది. ఎప్పుడూ అవే కీళ్లు, జ్వరం ఉండదు. మోకాలి లిగమెంటు తెగితే ఉన్నట్టుండి ఒకే వెనకకాలు ఎత్తేస్తుంది. కాళ్లు మారుతూ, ముళ్లమీద నడుస్తున్నట్టు పొట్టి అడుగులు వేస్తుంటే ఒకేసారి చాలా కీళ్లు వాచాయని అనుమానించాలి. ముందుకాలి మణికట్టుని మెల్లగా వెనక్కి మడవండి. బాగున్న కీలైతే పంజా దాదాపు ముంజేతిని తాకుతుంది. వాచిన కీలు సగంలోనే ఆగిపోతుంది, కుక్క కాలు లాక్కుంటుంది. మలద్వారంలో థర్మామీటరు పెడితే 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా మామూలే. 103 దాటితే జ్వరం కింద లెక్క.

ఈ వాపులో ఎక్స్‌రే మామూలుగానే రావచ్చు, దాన్ని చూసి ఏమీ లేదనుకోకండి. క్రిమికీ దానిమీద ఒళ్లు తయారుచేసిన యాంటీబాడీలకీ పుట్టిన ముద్దలు కీలు పొరలో చిక్కుకుని మంట పెడతాయి, ఎముక అరగదు. తేలాలంటే కీలు నీళ్లు తీయాలి, అదీ కనీసం మూడు కీళ్ల నుంచి. మంచి నీరు జిగటగా ఉంటుంది, సూది మొన నుంచి రెండు మూడు సెంటీమీటర్లు తీగలా సాగుతుంది. వాచిన కీలు నీరు పలచగా, మబ్బుగా కారిపోతుంది, స్లైడు మీద న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్త కణాలు గుంపులుగా కనిపిస్తాయి. ప్లేట్‌లెట్లు 50,000 కంటే తగ్గితే ఇది ఇప్పుడు చేయాలా వద్దా అన్నది డాక్టరే తేల్చాలి.

ఏడు రోజులకే ఆపేయడం పొరపాటు. డాక్సీసైక్లిన్ ఎర్లీషియాకి రోజుకి కిలోకి 10 మిల్లీగ్రాములు, అంటే మీ కుక్కకి 250, పూర్తిగా 28 రోజులు. ఒకటి నుంచి మూడు రోజుల్లో జ్వరం దిగి ఉషారొస్తుంది, అదే మోసం చేస్తుంది. మాత్ర పొడిగా మింగించకండి. గొంతులో ఇరుక్కుంటే అన్నవాహిక పుండై కుంచించుకుపోతుంది. కొద్దిగా తిండితో వేసి, వెంటనే సిరంజితో 5, 6 మిల్లీలీటర్ల నీళ్లు పట్టండి. పాలు, ఐరన్ సిరప్, యాంటాసిడ్ దాంతో కలపవద్దు.

ఇంకో సంగతి. ఈ జబ్బులన్నిటినీ "పరాన్నజీవి" అనేస్తుంటాం గానీ ఎర్లీషియా, అనాప్లాస్మా, లైమ్ తెచ్చే బొరీలియా బ్యాక్టీరియాలు. బేబీసియా, హెపటోజూన్ ప్రోటోజోవాలు, అంటే ఏకకణ పరాన్నజీవులు. ఒకే గోధుమరంగు గోమారి ఎర్లీషియానీ బేబీసియా వోగెలీనీ రెంటినీ అంటించగలదు. డాక్సీసైక్లిన్ ఒక్కటే బేబీసియాని నయం చేయదు. చిగుళ్లు పాలిపోయినా, మూత్రం కాఫీ రంగులో వచ్చినా అదీ ఉందేమో చూడాలి. వోగెలీకి ఇమిడోకార్బ్ కిలోకి 6.6 మిల్లీగ్రాముల చొప్పున కండలోకి, 14 రోజుల తేడాతో రెండుసార్లు. చొంగ, వాంతులు వస్తాయి కాబట్టి చాలామంది ముందు అట్రోపిన్ ఇస్తారు. గిబ్సోనై రకమైతే అటోవాక్వోన్ 13.3 మిల్లీగ్రాములు ఎనిమిది గంటలకోసారి, అజిత్రోమైసిన్ 10 మిల్లీగ్రాములు రోజుకోసారి, రెండూ కిలో లెక్కన, పది రోజులు. అటోవాక్వోన్ కొవ్వున్న తిండితోనే ఒంటికి పడుతుంది.

అందుకే మందు మళ్లీ మొదలుపెట్టే ముందే ఈడీటీఏ ట్యూబులో (రక్తం గడ్డకట్టకుండా ఆపే ట్యూబు) రక్తం తీయించండి: పీసీఆర్‌కి, ప్లేట్‌లెట్లకి. చెవి కొస నుంచి రక్తపు చుక్క తీసి స్లైడు మీద స్మియరు కూడా వేయించండి. ప్లేట్‌లెట్లు మిషన్ లెక్కతో సరిపెట్టుకోవద్దు. గడ్డకట్టినవాటిని అది తక్కువగా చూపిస్తుంది, స్లైడు మీద చూడమనండి. క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ కూడా చూడాలి, కిడ్నీ దెబ్బతినొచ్చు.

డాక్సీ మొదలెట్టి 72 గంటలైనా కీళ్లు తేలికపడకపోతే మందు పనిచేయలేదని వదిలేయకుండా, వేరే క్రిమో, రోగనిరోధక వ్యవస్థ తనంతట తాను రెచ్చిపోయిన కీళ్లవాతమో అని వెతకాలి. రెండోదైతే ప్రెడ్నిసొలోన్ కావాలి, కానీ కీలు నీళ్లు, రక్తం తీశాకే. ముందే వేస్తే పరీక్షల్లో ఏమీ తేలకపోవచ్చు.

గోమార్లని సన్నమొన ట్వీజరుతో చర్మానికి ఆనించి పట్టుకుని, నలపకుండా నిదానంగా నేరుగా లాగండి. నూనె, కిరోసిన్, అగ్గిపుల్ల వద్దు. వేళ్ల సందులు, చెవి లోపల, పట్టీ కింద, తోక మొదట్లో చూడండి. ఫ్లురలానర్ వంటి మాత్రలు గోమారి కుట్టాకే చంపుతాయి. మూర్ఛలున్న కుక్కకి డాక్టర్ని అడగందే వేయకండి. ఆడ గోమారి గోడ పగుళ్లలో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది, కాబట్టి పడక, పగుళ్లు, తలుపు సందులు కూడా మందుతో శుభ్రం చేయాలి.

28 రోజులయ్యాక కిట్ టెస్టు మళ్లీ చేయించి కంగారుపడకండి. అది చూసేది యాంటీబాడీలని, జబ్బు పోయినా నెలలకొద్దీ పాజిటివ్ రావచ్చు. మందు ఆపిన రెండు నుంచి నాలుగు వారాలకి ప్లేట్‌లెట్లు చూడండి, అదే మణికట్టుని మళ్లీ మడిచి చూడండి.