మేనకోడలికి: ఆకు పాఠం ఎలా చెప్పాలంటే

చిరంజీవి సుజాతకు,

మావయ్య ఆశీస్సులు. పదో తరగతికి కిరణజన్య సంయోగక్రియ, అంటే ఆకు వెలుగుతో ఆహారం తయారుచేసుకునే పాఠం, మొదలుపెడుతున్నానన్నావు. సమీకరణం బోర్డు మీద రాసి బట్టీ పట్టించకు. ముందు ప్రయోగం చేయించు.

కుండీలో మందారం మొక్క చాలు. ఉల్లికాడల జోలికి మాత్రం పోకు. వాటిలో పిండిపదార్థం నిల్వ ఉండదు, అయోడిన్ ఎంత పోసినా రంగు మారదు. మొక్కను రెండు మూడు రోజులు చీకటి గదిలో పెట్టు, ఆకులో ఉన్న పాత పిండి ఖర్చయిపోవాలి. ఈ పని ఎగ్గొడితే మిగతాదంతా దండగ. తర్వాత ఒక ఆకుకు నల్లకాగితం పట్టీ రెండువైపులా క్లిప్పుతో బిగించి, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఎండలో ఉంచు. ఆకు కోసి మరిగే నీళ్లలో కాసేపు వేసి, స్పిరిట్ ఉన్న పరీక్షనాళికలోకి మార్చు. స్పిరిట్‌ను మంట మీద పెట్టనివ్వకు. మంట ఆర్పేసి, వేడినీళ్ల బీకరులో నిలబెట్టు. పచ్చదనమంతా స్పిరిట్‌లోకి దిగిపోయి, ఆకు పాలిపోయి పెళుసుగా వస్తుంది. గోరువెచ్చని నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. అప్పుడు అయోడిన్ చుక్కలు వేయించు. ఎండ తగిలిన మేర నల్లటి నీలం, అంటే అక్కడ పిండి ఉన్నట్టు. పట్టీ కింద ఉత్త అయోడిన్ రంగు.

వెలుగు ఏమైందని అప్పుడడుగు. పిండిగా మారిందంటారు. అక్కడ ఆగాలి నువ్వు, అది తప్పని చెప్పాలి. ఆకు ముందు చక్కెర చేస్తుంది. ఆ చక్కెరలోని పదార్థమంతా గాలి, నీళ్లలోంచి వచ్చిందే. వెలుగు ఇచ్చింది శక్తి. ఆకులోని పచ్చ రంగు పదార్థమైన పత్రహరితం ఎక్కువగా ఎరుపు, నీలం కాంతిని పీల్చుకుంటుంది. ఆ శక్తితో నీరు విడిపోయి ఆక్సిజన్ బయటికి పోతుంది, ఆ శక్తిని మోసే ఏటీపీ, ఎన్ఏడీపీహెచ్ అనే పదార్థాలు తయారవుతాయి. వాటిని ఖర్చుపెట్టి ఆకు కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా మారుస్తుంది. మిగులు చక్కెరే పిండిగా నిల్వ అవుతుంది.

ఇక సమీకరణం రాయి: 6CO₂ + 12H₂O → C₆H₁₂O₆ + 6O₂ + 6H₂O. ఎడమవైపు 12 నీటి అణువులు వేసి, కుడివైపు మళ్లీ 6 చూపిస్తాం కదా, కొట్టేయొచ్చుగా అని చురుకైన పిల్లలు అడుగుతారు. అడగకపోతే నువ్వే అడుగు. బయటికొచ్చే 6 ఆక్సిజన్ అణువుల్లో 12 పరమాణువులున్నాయి. అవన్నీ నీటి నుంచే రావాలి, అందుకే 12. 1941లో రూబెన్, కామెన్ అనే శాస్త్రవేత్తల బృందం మామూలు దానికన్నా బరువైన ఆక్సిజన్ పరమాణువులున్న నీటిని నాచుకు ఇచ్చి ఈ సంగతి తేల్చింది.

కార్బన్ డయాక్సైడ్ చక్కెరగా మారే దశను నిష్కాంతి చర్య అంటారు. ఆ పేరు చూసి అది రాత్రిపూట జరుగుతుందని రాసేస్తారు, జాగ్రత్త. అదీ పగలే జరుగుతుంది, కాంతి నేరుగా అక్కర్లేదంతే.

మొక్కను శుక్రవారం సాయంత్రమే చీకట్లో పెట్టేయి, సోమవారం పొద్దున ఎండలోకి తీయొచ్చు.

మీ మావయ్య