ఆ యాప్ పేరు నేను చెప్పను

‘మాది జగిత్యాల దగ్గర పల్లె. మా ఆయన దుబాయ్‌లో పనిచేస్తారు. అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. రాత్రి పదకొండు దాటినా డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో ఎవరెవరితోనో లెక్కలు చేస్తున్నానంటుంది. అందులో మగపిల్లలూ ఉన్నారు. తను పడుకున్నాక మెసేజ్‌లు చదువుతున్నాను. తప్పేమీ కనబడలేదు, అయినా టెన్షన్. రేపు ఏదైనా జరిగితే నీదే బాధ్యత అని ఆయన రోజూ అంటున్నారు. తనకు తెలియకుండా ఫోన్ చూసే యాప్ ఏదైనా చెప్పండి.’

తెలిసినా చెప్పనమ్మా. దొంగచాటుగా చదివి, తప్పేమీ లేదని మీరే రాశారు. ఇంకా ఏం వెతుకుతారు?

నాకు బాధ కలిగించింది ‘నీదే బాధ్యత’ అన్న మాట. మీ భయం డిస్కార్డ్ గురించి కాదు, రోజూ వచ్చే ఆ వీడియో కాల్ గురించి. ఆయనకు జవాబు చెప్పుకోవాలి కాబట్టి పిల్ల ఫోన్ వెతుకుతున్నారు. ఇద్దరూ కన్న బిడ్డకు బాధ్యత మీ ఒక్కరిదే ఎలా అవుతుంది? ఎండల్లో ఆయన పడే కష్టం చిన్నది కాదు. అయినా డబ్బు పంపే మనిషికి భార్యను రోజూ సంజాయిషీ అడిగే హక్కు రాదు. ఈ మాట ఆయనతో చెప్పండి. సెలవుకి వచ్చినప్పుడు కాదు, ఈ వారమే.

ఇక అమ్మాయి సంగతి. కరోనా వల్ల 2020 సెప్టెంబరు 1న బళ్లు తెరవకుండానే టీవీలో, టీశాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో పాఠాలు మొదలైనప్పుడు ఈ పిల్ల ఏడో తరగతిలో ఉండి ఉంటుంది. హోంవర్క్ వాట్సాప్‌లో, స్నేహితురాలు తెర మీద. ఆ దారి పట్టించింది మనమే. ఇప్పుడు సమాకలనం (ఇంటిగ్రేషన్) లెక్క ఆగిపోతే ఒకరు కాగితం మీద చేసి ఫొటో పెడతారు, ఇంకొకరు అందులో తప్పు పట్టుకుంటారు. పక్కవాళ్లకు చెప్పే పిల్లకే లెక్క బాగా వంటబడుతుంది.

మెసేజ్‌లు చదివానని ముందు ఒప్పుకోండి. కోప్పడుతుంది, ఓర్చుకోండి. తర్వాత పక్కన కూర్చుని ఆ గ్రూపులో ఎవరెవరున్నారో చెప్పించుకోండి. ఎవరైనా ఫొటో అడిగినా, డబ్బడిగినా, ఒంటరిగా కలుద్దామన్నా ముందు మీకే చెప్పాలి; చెబితే తిట్టనని మాటివ్వండి. ఆ మాట తప్పకండి. ఎవరైనా బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పదకొండు తర్వాత ఫోన్లు హాల్లోనే ఉండాలి, మీదీ.

రేపు ఆయన ‘పిల్ల ఏం చదువుతోంది’ అంటే మీరు జవాబివ్వకండి, ఫోన్ తనకివ్వండి. అక్కడ మనకంటే గంటన్నర వెనక. ఆయన పని నుంచి వచ్చేసరికి అమ్మాయి లెక్కలు ముందేసుకునే ఉంటుంది. ఏం లెక్కో ఆయన్నే అడగనివ్వండి.